సుగ్గికి కాదు, చూసేకి

“యాటికి పోతాండావు నాయనా?”

“మలేషియాకత్తా.”

“ఆడ సుగ్గి బాగుంటాదా?”

మా మేనత్తది కోసిగి దగ్గర ఒక పల్లె. ఏటా పంట చేతికొచ్చీ రాకముందే ఆ పక్క ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లను కాపలా ఉంచి, పిల్లల్ని వెంటేసుకొని, బియ్యం మూటలు, వంటసామాన్లు సర్దుకొని గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. మా పడమటి కర్నూలులో దాని పేరు సుగ్గి. అత్తకు తెలిసిన దూరప్రయాణాలు రెండే. ఒకటి కూటి కోసం, ఇంకొకటి దేవుడి కోసం. మంత్రాలయమో శ్రీశైలమో కాకపోతే సుగ్గి. అందుకే నా సంచి చూసి అలా అడిగింది.

“సుగ్గికి గాదత్తా. షటిల్ ఆట చూసేకి.”

“నువ్వు ఆడతావా ఆడ?”

“లేదు. ఊరికే చూసేకి.”

అత్త కాసేపు నా మొహంలోకి చూసింది. “చూసేకి దుడ్లు పెట్టి అంత దూరం పోతారా!” అంది. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యం. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. సంచి భుజానేసుకొని వచ్చేశాను.

ఈ అధ్యాయం ఆ జవాబు కోసమే. మీ ఇష్టం షటిల్ కాకపోవచ్చు. చెన్నైలో డిసెంబరు కచేరీలు వినాలనో, కాశ్మీరులో మంచు తొక్కాలనో, ఒక్కసారి సముద్రం మీద ఓడలో పోవాలనో ఉండొచ్చు. తిండి పెట్టదు, పుణ్యం రాదు, అయినా మనసు అటే లాగుతుంది. అలాంటి దానికోసం ఇల్లు కదలడం ఎలా? ఇంటివాళ్లకు లోటు రాకుండా, అప్పు చేయకుండా, అబద్ధం ఆడకుండా ఎలా? నేను పోయొచ్చిన దారి చెబుతాను. మీ దారికి పనికొచ్చింది తీసుకోండి.

గచ్చిబౌలికి పోనివాడు

నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దున్నే షటిల్ ఆడతాను. మా కోర్టుకు కప్పు లేదు. నేల మీద సున్నపు గీతలు, రెండు ఇనుప పైపులకు కట్టిన నెట్టు. గాలికి ఈకల కాక్ నిలవదు కనుక మాది ప్లాస్టిక్ కాక్. టాస్ గెలిచినవాడు ముందు ఆకాశం చూసి, గాలి ఏ పక్క నుంచి వస్తోందో తేల్చుకొని అప్పుడు కోర్టు అడుగుతాడు. నా డబుల్స్ జోడీది ఎమ్మిగనూరు, నేతపనివాళ్ల ఇల్లు. వారానికి మూడు రోజులు తెల్లవారకముందే బండి మీద ఆదోనికి వస్తాడు, ఆడి పోతాడు.

2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగింది. ప్రపంచమంతా తిరిగే పోటీ మన వాకిట్లోకి వచ్చింది. ఆదోనిలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. టికెట్ కొనలేనంత బీదవాణ్ణి కాను. అయినా పోలేదు. లిన్ డాన్ టైటిల్ గెలిచిన సంగతి మరునాడు మిల్లులో టీ తాగుతూ పేపర్లో చదివాను.

ఎందుకు పోలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వద్దని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు. పెళ్లికైతే శుభలేఖ వస్తుంది, చావుకైతే ఫోను వస్తుంది, మిల్లు పనికైతే సేటు పంపుతాడు. మన ఇష్టం మనల్ని పిలవదు. పిలుపు కోసం కూర్చున్నవాడికి బస్సు దొరకదు.

రెండోసారి అలా జరగనివ్వలేదు. 2022 మే 15, ఆదివారం. మా జోడీ, నేను ఫోన్ ఒకటే పెట్టుకొని బ్యాంకాక్‌లో జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్ ఫైనల్ చూస్తున్నాం. ఎదురుగా అప్పటికి 14 సార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా. లక్ష్యసేన్ గెలిచాడు. మన అమలాపురం అబ్బాయి సాత్విక్, ముంబై చిరాగ్ జోడీ గెలిచింది. మూడో మ్యాచ్‌లో మన గుంటూరు శ్రీకాంత్ జొనాథన్ క్రిస్టీని 21–15, 23–21తో ఓడించాడు. భారత్‌కు అదే మొదటి థామస్ కప్. ఆటగాళ్లు కోర్టులోకి ఉరికిపోతుంటే నా కన్ను వాళ్ల వెనక స్టాండ్స్‌లో జెండా ఊపుతున్నవాళ్ల మీద పడింది. వాళ్లెవరూ మంత్రులు కారు, కోటీశ్వరుల్లా కనబడలేదు. మనలాంటి మనుషులే. “వీళ్లు ఎట్లా పోయినార్రా?” అన్నాడు మా వాడు. ఆ ప్రశ్ననే కాగితం మీద రాసుకొని మొదలుపెట్టాం.

మొదటి మెట్టు: ఇష్టానికి ఒక ఖాతా

ఎప్పుడో పోదాం అనుకున్నది ఎప్పటికీ జరగదు. ఇష్టానికి మొదట కావాల్సింది ఒక బ్యాంకు ఖాతా. 2022 జూన్‌లో నెలకు 3,000 చొప్పున 20 నెలల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. మొత్తం 60,000. ఆ మూడు వేలు జీతంలోంచి ఊరికే రాలేదు. పత్తి సీజన్‌లో రాత్రిపూట ఇంకో కమీషన్ కొట్టుకు లెక్కలు రాశాను. బండి మార్చాలన్న ఆలోచన మానుకున్నాను.

ఇంట్లో మూడు షరతులు పెట్టుకున్నాం. పిల్లల ఫీజు కట్టి ఉండాలి. తీసుకున్న అప్పుల వాయిదా ఒక్కటీ తప్పకూడదు. ఆసుపత్రి అవసరానికని దాచిన డబ్బు ముట్టకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా ప్రయాణం తేదీ జరుగుతుంది, ఖాతా మాత్రం నడుస్తుంది. అప్పు చేసి పోవడమనే మాటే లేదు. అప్పు చేసి చూసిన ఆటలో మీరు చూసేది ఆటను కాదు, వడ్డీని.

నాలుగో షరతు మా ఆవిడ పెట్టింది. “తర్వాతి ఇరవై నెలలు నావి.” ఆమెకు మంచు చూడాలని ఉందట. పదమూడేళ్ల కాపురంలో ఆ మాట నాకు అప్పుడే తెలిసింది. మీ ఇష్టం బయటపెడితే ఇంట్లో మిగతావాళ్ల ఇష్టాలూ బయటికొస్తాయి. దానికి సిద్ధపడే మొదలుపెట్టండి.

చివరికి తేలిన లెక్క ఇది: బెంగళూరు నుంచి కౌలాలంపూర్‌కు విమానం రానూపోనూ 19,400. ఇద్దరం పంచుకున్న గదిలో నా వాటా 7,500. నాలుగు రోజుల స్టేడియం టికెట్లు 6,000. తిండి, అక్కడి రైళ్లు 9,000. పాస్‌పోర్టు 1,500. ఆదోని నుంచి విమానం దాకా, తిరిగి ఇంటికి 1,800. ప్రయాణ బీమా 700. మొత్తం 45,900. ఆపదకని వేరుగా ఉంచిన 10,000 ముట్టకుండా తిరిగొచ్చింది. 2024 జనవరి నాటి ధరలివి, మీ రోజుకు మారతాయి. అంకెలు మారినా పద్దులు ఇవే.

రెండో మెట్టు: కాగితాలు ముందు, టికెట్ తర్వాత

చాలామంది విమానం టికెట్‌తో మొదలుపెడతారు. పాస్‌పోర్టుతో మొదలుపెట్టండి. మన తెలుగువాళ్లకు పేర్ల దగ్గరే చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, బ్యాంకులో తండ్రిపేరు కూడా కలిపి ఉంటాయి. నా దరఖాస్తు ఈ తేడాతోనే ఆగింది. ఆధార్ సరిచేయించుకొని మళ్లీ పోయేసరికి రెండు నెలలు పట్టింది. తప్పు నాదే. మీరు ముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని అక్షరం అక్షరం చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో, మీ పేరు గడిలో ఏముందో విమానం టికెట్ మీదా అదే ఉండాలి. ప్రయాణం నాటికి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

మా జోడీ పది పాస్ కాలేదు. అలాంటివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది. గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా కూడా ఉన్న 18 దేశాల జాబితా ఒకటుంది. అక్కడికి కూలికో ఉద్యోగానికో పోవాలంటే ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. మోసపోయి అక్కడ ఇరుక్కునేవాళ్లను కాపాడటానికి పెట్టిన నిబంధన అది. చూడటానికి పోయేవాడికి ఆ అనుమతి అక్కర్లేదు. కానీ చూడటానికే పోతున్నాడని నమ్మించే కాగితాలు చేతిలో ఉండాలి.

బెంగళూరు విమానాశ్రయంలో అధికారి మావాడి పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి అడిగాడు: “పనికా?”

నాకు అత్త గుర్తొచ్చింది. మావాడు తొణకలేదు. తిరుగు టికెట్, గది బుకింగ్, నాలుగు రోజుల మ్యాచ్ టికెట్లు వరసగా బల్ల మీద పెట్టాడు. “ఆట చూసేకి సార్” అన్నాడు. అధికారి మ్యాచ్ టికెట్లు ఒకటికి రెండుసార్లు చూసి, ముద్ర వేశాడు. ఈసీఆర్ ఉన్నవాళ్లు ఇవన్నీ అచ్చువేసిన కాగితాల రూపంలో దగ్గర ఉంచుకోండి. ఫోన్ చార్జింగ్‌ను నమ్ముకోకండి.

వీసా సంగతి. 2023 డిసెంబరు 1 నుంచి మలేషియా మనవాళ్లకు 30 రోజుల వరకు వీసా లేకుండా రానిచ్చింది. వీసాకని పక్కన పెట్టిన డబ్బు మాకు మిగిలింది. అయితే అక్కడ దిగేముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అది ఉచితం. నేను మొదట తెరిచిన వెబ్‌సైట్ డబ్బు అడిగింది, కట్టబోయి ఆగాను. ఉచితంగా దొరికే దానికి ఎవరైనా రుసుము అడిగితే ముందు అనుమానించండి. ఈ నిబంధనలు తరచూ మారతాయి కనుక టికెట్ కొనేరోజున ఆ దేశపు అధికారిక పేజీ మీరే చూసుకోండి.

మూడో మెట్టు: ఆటకు టికెట్ కొనండి, ఆటగాడికి కాదు

ఈ అధ్యాయంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, అది ఈ మాట కావాలి.

నేను పోవాలనుకున్నది మన పి.వి. సింధు కోసం. రియో ఒలింపిక్స్‌లో రజతం, 2019లో బాసెల్‌లో ఒకుహారాను 21–7, 21–7తో ఓడించిన ప్రపంచ టైటిల్, టోక్యోలో కాంస్యం, అన్నీ టీవీలోనే చూశాను. ఒక్కసారి ఎదురుగా చూడాలని ఆశ. 2023 అక్టోబరులో ఫ్రెంచ్ ఓపెన్‌లో ఆమె మోకాలికి గాయమైంది. మేం పోయిన మలేషియా ఓపెన్‌లో ఆమె ఆడలేదు. మా డబ్బు అప్పటికే కట్టేసి ఉంది.

బ్యాడ్మింటన్ టోర్నీ ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ దెబ్బ సగం తగ్గుతుంది. పెద్ద టోర్నీలు మంగళవారం మొదలై ఆదివారం ముగుస్తాయి. మొదటి రెండు మూడు రోజులు ఒకే హాల్లో మూడు నాలుగు కోర్టుల మీద ఒకేసారి మ్యాచ్‌లు జరుగుతాయి. టికెట్ తక్కువ, ఆట ఎక్కువ. శుక్రవారం క్వార్టర్ ఫైనల్స్, శనివారం సెమీస్, ఆదివారం ఐదు ఫైనల్స్. ఆ రోజుల్లో కోర్టు తక్కువ, టికెట్ ఎక్కువ. ఒక్క ఫైనల్ టికెట్ కొనుక్కొని పోతే, మీవాడు మొదటి రౌండ్లోనే ఇంటికి పోయి ఉండొచ్చు. గురువారం నుంచి ఆదివారం వరకు నాలుగు రోజులు పెట్టుకోండి. ఎవరు గెలిచినా ఎవరు ఓడినా మీ కడుపు నిండుతుంది.

మాకు జరిగింది అదే. గురువారం దిగాం. సాయంత్రం బుకిట్ జలీల్‌లోని అక్సియాటా అరెనాలో కూర్చున్నాం. 1998 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన హాలు అది. మొదటి రౌండ్లో క్రిస్టీని ఓడించి వచ్చిన శ్రీకాంత్, ఆ రోజు హాంకాంగ్ ఆటగాడు ఆంగస్ చేతిలో 13–21, 17–21తో ఓడిపోయాడు. సింధు లేదు, శ్రీకాంత్ వెళ్లిపోయాడు. ఇక మన తెలుగువాళ్లలో మిగిలింది సాత్విక్. “ఇంకా మూడు రోజులుండాయి” అన్నాడు మావాడు. మ్యాచ్‌లు కూడా ఇంకా బోలెడున్నాయి.

నాలుగో మెట్టు: చెప్పి పోండి

ఇక్కడ నేను చేసిన తప్పు ఒప్పుకోవాలి. మిల్లులో మొదట బెంగళూరులో పని ఉందని చెప్పాను. ఆ ఏడాది వానలు లేవు. 2023 ఖరీఫ్‌కు రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటిస్తే, అందులో మా జిల్లావి చాలా ఉన్నాయి. మామూలు ఏడాదైతే జనవరిలో ఆదోని యార్డుకు పత్తి బోరాలు వస్తూనే ఉంటాయి, గుమాస్తాకు ఒక్క పూట సెలవు దొరకదు. ఆ ఏడు సరుకు తక్కువ. అందుకే వారం సెలవు దొరికింది. అంటే నా ప్రయాణానికి దారిచ్చింది కరువు. పక్కింటివాళ్లు సుగ్గికి మూటలు కడుతుంటే నేను విమానానికి సంచి సర్దుతున్నాను. సిగ్గేసింది. ఆ సిగ్గే అబద్ధం ఆడించింది.

రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు సేటు దగ్గరికి పోయి నిజం చెప్పాను. ఆయన నవ్వి, “బెంగళూరు పనైతే రెండు రోజులే ఇచ్చేవాణ్ణి” అన్నాడు.

కరువు ఏడాదిలో ఇష్టానికి ఖర్చు పెట్టడం తప్పా? నా దగ్గర గట్టి జవాబు లేదు. ఒక్కటే చెప్పగలను. నేను పోకపోయినంత మాత్రాన పక్కింటి చేలో వాన పడదు. పోయి దాచిపెడితే మాత్రం ఇద్దరి మధ్యా గోడ లేస్తుంది. వచ్చాక అక్కడి సంగతులు వాళ్లతో కూర్చొని చెప్పుకోగలిగితే పోవచ్చు. చెప్పుకోలేనంత సిగ్గుగా ఉంటే ఆగిపోవచ్చు. ఆ తూకం ఎవరిది వాళ్లే వేసుకోవాలి.

ఐదో మెట్టు: చూడటం కూడా నేర్చుకోవాలి

ఆదోనిలో అర్ధరాత్రి దాటాక రైలు, బెంగళూరు మెజెస్టిక్ నుంచి విమానాశ్రయం బస్సు, రాత్రి విమానం, అక్కడ సిటీ రైలు. ఎమ్మిగనూరుకు రైలు లేదు కనుక మావాడు ముందురోజే మా ఇంటికి వచ్చేశాడు. రైలుకూ విమానానికీ మధ్య ఒక పూట ఖాళీ ఉంచుకున్నాం, రైలు ఆలస్యమైనా గుండె దడ లేకుండా. అంత కష్టపడి పోయి, హాల్లో ఫోన్ ఎత్తి పట్టుకొని వీడియోలు తీసుకుంటూ కూర్చుంటే ఆదోనిలో టీవీ ముందు కూర్చున్నా ఒకటే. టీవీలో కనిపించనివి మూడు చెబుతాను. ఏ ఆటకైనా, ఏ కచేరీకైనా ఇలాంటివి మూడు ఉంటాయి, వెతకండి.

ఒకటి, ఎత్తు. టీవీలో కెమెరా కోర్టు వెనక పైనుంచి చూస్తుంది. కాక్ ఎంత పైకి పోయిందో తెలియదు. హాల్లో అది దీపాల దాకా పోయి, ఒక్క క్షణం ఆగినట్టుండి, దిగుతుంది. ఐదు గ్రాముల బరువు, పదహారు ఈకలు. కిందివాడు దానికోసం వేచి చూస్తున్న ఆ క్షణంలో హాలంతా ఊపిరి బిగబడుతుంది.

రెండు, చప్పుడు. మా ప్లాస్టిక్ కాక్ టక్కుమంటుంది. ఈకల కాక్ మీద సాత్విక్ స్మాష్ పడితే టపాకాయ పేలినట్టు ఉంటుంది. బ్యాట్ తగిలిన చప్పుడూ, అవతల నేల తాకిన చప్పుడూ ఒకదానికొకటి అతుక్కొని వినిపిస్తాయి. మ్యాచ్‌లో కాదు, కొలత కోసమే పెట్టిన పరీక్షలో అతని స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లుగా గిన్నిస్ రికార్డులకెక్కింది. అంకెను ఎన్నోసార్లు చదివాను. చెవితో విన్నాకే నమ్మాను.

మూడు, వేళ్లు. డబుల్స్‌లో సర్వీస్ చేసేముందు ఒకడు వీపు వెనక చేయి పెట్టి వేళ్లు చూపిస్తాడు. సర్వీస్ ఎక్కడికో, తర్వాత ఎవరు ఎటు కదలాలో వెనకవాడికి చెబుతాడు. మా సీటు కోర్టు చివర వైపు కనుక ఆ వేళ్లు మాకు స్పష్టంగా కనిపించాయి. మావాడు నా మోచేయి పొడిచాడు. “పదకొండేండ్లు కలిసి ఆడినాం గదప్పా. ఒక్కనాడన్నా ఒకరికొకరం ఇట్లా చెప్పుకున్నామా?” చెప్పుకోలేదు. నెట్టు దగ్గర పడిన ప్రతి కాక్‌కూ ఇద్దరం ఉరికి, బ్యాట్లు కొట్టుకొని, “నీదిరా” అంటే “నీదిరా” అనుకున్న రోజులు గుర్తొచ్చాయి.

శనివారం సెమీఫైనల్. ఎదురుగా ప్రపంచ చాంపియన్లు, కొరియా జోడీ కాంగ్ మిన్ హ్యుక్, సియో స్యుంగ్ జే. మొదటి గేమ్ మనవాళ్లు 21–18తో గెలిచారు. రెండోదాంట్లో 14–20తో వెనకబడ్డారు. మావాడు ఎమ్మిగనూరు తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. ఏసీ చలికి నాలుగు రోజులూ దాన్నే కప్పుకొని కూర్చున్నాడు. “పా, మూడో గేము లోపల టీ తాగొద్దాం” అన్నాడు. కూర్చో అన్నాను. పదిహేను. పదహారు. పదిహేడు వచ్చేసరికి మావాడు కూర్చున్నాడు. పంతొమ్మిది దగ్గర హాలు లేచింది. ఇరవై సమానం. ఇంకో రెండు. వరసగా ఎనిమిది పాయింట్లు, 22–20. బయటికి పోయి ఉంటే గోడ అవతల అరుపులు మాత్రమే వినేవాళ్లం.

ఆదివారం ఓడిపోయారు

ఇలాంటి పుస్తకాల్లో ఇక్కడ మనవాళ్లు కప్పు గెలవాలి. గెలవలేదు. 2024 జనవరి 14, భోగి రోజు, చైనా జోడీ లియాంగ్ వీకెంగ్, వాంగ్ చాంగ్ మీద మొదటి గేమ్ 21–9తో మనదే. తర్వాత 18–21, 17–21. ముందురోజు ఎనిమిది పాయింట్లు కొట్టిన చేతులే అవి.

అదే రోజు ఆడవాళ్ల ఫైనల్లో కొరియా అమ్మాయి ఆన్ సే యంగ్, తై జూ యింగ్ చేతిలో మొదటి గేమ్ 10–21తో పోగొట్టుకొని, తర్వాత రెండూ తీసుకుంది. ఒకే నేల, ఒకే దీపాలు. ఒకరు మొదట ఓడి గెలిచారు, ఒకరు మొదట గెలిచి ఓడారు. మీ ప్రయాణం విలువను ఆదివారం స్కోరుకు కట్టేస్తే అది ఇతరుల చేతిలో ఉంటుంది. శనివారం సీటులోంచి లేవకుండా కూర్చోవడం మాత్రం నా చేతిలో ఉండింది.

మాకు అక్కడ దొరికింది ఇంకొకటుంది, అది మా లెక్కలో లేదు. పక్క సీటులో మలేషియా జెర్సీ వేసుకున్న పెద్దాయన మా మాటలు విని, “మీరు తెలుగువాళ్లా?” అన్నాడు. వాళ్ల తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చాడట, పెరాక్ రాష్ట్రం బాగన్ దాతోలో కొబ్బరి తోటల్లో కూలికి. ఆ తరంలో రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు తెలుగువాళ్లు వేలల్లో వచ్చారు. 1955లోనే ఆంధ్ర సంఘం పెట్టుకొని పిల్లలకు భాష పోకుండా చూసుకున్నారు. ఈ ముచ్చటంతా ఆయన మూడో తరం తెలుగులో చెప్పాడు. మాటలు మనవే, యాస మాత్రం మనకు ఎక్కడా తగిలేది కాదు.

మలేషియాలో సుగ్గి బాగుంటుందా అని అడిగిన అత్త తెలివితక్కువది కాదు. వందేళ్ల కిందటైతే ఆ ప్రశ్నే సరైన ప్రశ్న. లేచేముందు మావాడు ఎమ్మిగనూరు తువ్వాలు ఆ పెద్దాయన భుజం మీద వేసి వచ్చాడు.

ఊరికొచ్చాక అత్తకు ఇదంతా చెప్పాను. స్కోర్లు ఆమెకు పట్టలేదు. కొబ్బరి తోటల సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది.

“ఆయప్ప తాత మళ్లా ఊరికొచ్చినాడా?”

“రాలేదంటత్తా.”

అత్త తమలపాకుకు సున్నం రాసుకుంటూ కాసేపు ఊరుకుంది. “నువ్వు వచ్చినావు గదా, చాలు” అంది.

ఇప్పుడు మా కోర్టులో, గాలిలో, ప్లాస్టిక్ కాక్‌తోనే, సర్వీస్‌కు ముందు మావాడు వీపు వెనక వేళ్లు చూపిస్తాడు. నెట్టు దగ్గర బ్యాట్లు తగులుకోవడం తగ్గింది. ప్రతి నెలా 3,000 ఖాతాలో పడుతోంది, మంచు కోసం.

ఈ వారం మీరు చేయాల్సినవి

1. తిండి పెట్టనిది, పుణ్యం రానిది, మీకు ఇష్టమైనది ఒక్కటి కాగితం మీద రాయండి. రెండు రాయకండి.

2. అది మీ దగ్గరికే వచ్చినా పోకుండా వదులుకున్న సందర్భం ఒకటి గుర్తుచేసుకోండి. నా గచ్చిబౌలి లాంటిది. ఆ రోజు నిజంగా అడ్డుపడింది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి.

3. ముట్టకూడని పద్దులు మూడు ఇంట్లోవాళ్లతో కూర్చొని తేల్చండి. అవి పోగా నెలకు ఎంత మిగులుతుందో చూడండి. ఐదు వందలే అయినా ఈ నెలే ఖాతా తెరవండి.

4. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింటిలో మీ పేరు ఒకేలా ఉందో లేదో సరిచూసుకోండి. ప్రయాణం రెండేళ్ల తర్వాతైనా ఈ పని ఇప్పుడే చేయండి.

5. ఇంట్లో ఒక్కొక్కరినీ వాళ్ల ఇష్టం ఏమిటని అడగండి. తర్వాతి వంతు ఎవరిదో అప్పుడే రాసిపెట్టండి.

6. ఎందుకు పోతున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క మాట సిద్ధం చేసుకోండి. సాకు కాదు, నిజం. ఆ మాట పైకి అనడానికి నోరు రాకపోతే ఇంకా తయారు కానట్టే. నాకు ఆ మాట విమానాశ్రయంలో మావాడి నోట దొరికింది: చూసేకి.